తోటికోడలు నవ్వినందుకు

హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ మాది. అందులో నేనూ పెద్దక్కా పదహారేళ్ళు ఒకే దుప్పటికి చెరో వైపు నిలబడ్డాం. ఇస్త్రీ చేసే పెద్ద రోలరు ఆవిరి కక్కుతూ దుప్పటిని బయటికి తోస్తుంది. చెరో రెండు కొసలు పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. రోజుకు నాలుగైదు వందల సార్లు అలా ఒకరి ముఖంలోకి ఒకరం నడిచేవాళ్ళం. వయసులో నాకంటే రెండేళ్ళే పెద్ద. అయినా లాండ్రీలో అందరూ పెద్దక్క అంటారు కాబట్టి నేనూ అదే అన్నాను.

ఆమె మరిది భార్య కూడా మా లాండ్రీలోనే పనిచేస్తుంది. ఆఫీసు గదిలో రిజిస్టర్లు రాస్తుంది. పెద్దక్క మేనేజరు గారి కాళ్ళావేళ్ళా పడి ఇప్పించిన ఉద్యోగం అది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెదరని బట్టల్లో తిరుగుతుంది. ఆమెను మేం చిన్నకోడలు అనేవాళ్ళం. ఇద్దరూ ఒకే భవనంలో కాపురం. చిన్నకోడలు మొదటి అంతస్తులో, పెద్దక్క నాలుగో అంతస్తులో.

పెద్దక్కకు నలభై తొమ్మిదో ఏట లాండ్రీలో మొదటిసారి ఆరోగ్య పరీక్షలు పెట్టారు. బీమా కంపెనీ వాళ్ళు అడిగారట. భోజనాల గదిలో బల్లలు జరిపి, ఒక డాక్టరు, బరువు చూసే యంత్రం, రక్తపోటు చూసే పట్టీ, వేలు పొడిచి చక్కెర చూసే ఒక అమ్మాయి. అంకెలు రాయడానికి చిన్నకోడల్ని కూర్చోబెట్టారు. అరవై మందిమి వరసలో నిలబడ్డాం.

పెద్దక్క వంతు వచ్చింది. యంత్రం మీద ఎక్కింది. మిగతావాళ్ళ అంకెల్ని మనసులో చదువుకుని రాసుకుంటున్న చిన్నకోడలు ఈ ఒక్క అంకెను మాత్రం పైకి చదివింది.

"ఎనభై ఏడు. అక్కా, తొందరగా దిగు. ఇంకా ముప్పై మంది ఎక్కాలి, అది తట్టుకోవాలి కదా."

అని నవ్వింది. ఆమె నవ్వితే వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఈ మాట దాచిపెడితే మిగతా కథ చెప్పే హక్కు నాకుండదు.

పెద్దక్క దిగింది. రక్తపోటు నూట యాభై ఎనిమిది, కింద తొంభై ఆరు. చక్కెర కూడా హద్దు దాటబోతోందని డాక్టరు చెప్పాడు. ఆమె తల ఊపి, వేలికి దూది అదుముకుని వెళ్ళిపోయింది. 

అంతటితో పోతే పోయేదేమో. వారం తిరక్కుండా మేనేజరు గారు పిలిచి, రోలరు దగ్గర వేడికి రక్తపోటు ఉన్న మనిషిని నిలబెట్టలేనని, కింద మైలబట్టల గదికి వెళ్ళమని చెప్పారు. మైలబట్టల గది అంటే నేల కింద ఉంటుంది. కిటికీ లేదు. ఆసుపత్రుల నుంచి వచ్చిన మూటలు విప్పి, రక్తం మరకలవి ఒక వైపు, వాంతులవి ఒక వైపు వేరు చేయాలి. రోలరు దగ్గర ఆమె చోటులోకి ఎవరొచ్చారో చెప్పనా? చిన్నకోడలి సొంత చెల్లెలు. ఆర్నెల్లుగా రోలరు పని కోసం కాచుకుని కూర్చుంది. పెద్దక్క కాగితాన్ని మేనేజరు గారి బల్ల మీద పైన పెట్టింది ఎవరో వేరే అడగక్కర్లేదు.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. పెద్దక్క ఏడవలేదు. భోజనాల గదిలో నా ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీస్తూ అంది:

"నువ్వూ నవ్వావు."

"నవ్వాను. తప్పయింది."

"తప్పే," అంది. ఇక మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో వారం తనే వచ్చి పక్కన కూర్చుంది. "వచ్చే ఏడు మళ్ళీ వస్తారట పరీక్షలకి. రాసేది అదే, చదివేది అదే. నేను యంత్రం ఎక్కి దిగేటప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో చూడాలి. అది చూశాక చచ్చిపోయినా పర్లేదు."

ఆ మాటంటున్నప్పుడు ఆమె చేతిలో రొట్టె ముక్క పిండి పిండి అయిపోయింది.

మొదట చేసిన పని తిండి మానేయడం. మూడు రోజులు కీరదోసకాయలూ నీళ్ళూ. నాలుగో రోజు మూట ఎత్తబోయి మైలబట్టల మీదే కూలబడింది. నేనూ ఇంకొకావిడా పట్టుకుని లాండ్రీ వెనక వీధిలో ఉన్న ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం. అక్కడొక నర్సు ఉంది, రిటైరవడానికి ఏడాదో రెండేళ్ళో ఉన్న మనిషి. చేతి గడియారం లోపలి వైపుకి తిప్పి పెట్టుకుంటుంది. మాట కటువు, చెయ్యి మెత్తన.

"ఎవరి మీద కోపం?" అని అడిగింది, అంతా చూశాక.

"ఎవరి మీదా లేదు సిస్టరు గారూ."

"తిండి ఇలా మానేసేవాళ్ళు ఇద్దరే. దేవుడి మీద భక్తి ఉన్నవాళ్ళు, మనుషుల మీద కోపం ఉన్నవాళ్ళు. నీకు భక్తి ఉన్నట్టు లేదు."

పెద్దక్క అప్పుడు చెప్పింది, అంతా. నర్సు మధ్యలో ఆపలేదు. చివర్న అంది: "కోపం ఉంచుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాన్ని ఒంటి మీద చూపించకు. ఒళ్ళు నీ తోటికోడలు కాదు. నువ్వు దాన్ని మాడిస్తే అది కరువొచ్చిందనుకుని ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పైగా నీ వయసులో ముందు కరిగేది కొవ్వు కాదు, కండ. నెలసరి ఎలా ఉంది?"

"రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు."

"అదీ సంగతి. ఇరవై ఏళ్ళప్పుడు చేసినట్టు చేస్తే ఇరవై ఏళ్ళప్పటిలా వినదు ఒళ్ళు. దానికి ఇప్పుడు వేరే లెక్కలున్నాయి. అవి నేర్చుకో."

రక్తపోటుకు డాక్టరు రాసిన మాత్ర మొదలుపెట్టింది. తనంతట తను మానకూడదని నర్సు ఒట్టు పెట్టించుకుంది. పూటపూటకూ తినమంది, తిన్న దాంట్లో గుడ్డో చేపో గింజలో ఉండాలంది. తిన్నాక పావుగంట నడవమంది. బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఒకే వేళకు చూడమంది. పొద్దున్నే మంచం దిగకముందు నాడి పట్టుకుని నిమిషం లెక్కపెట్టి రాసుకోమంది.

"నాడి ఎందుకు? అది ఎవరికి కనిపిస్తుంది?" అంది పెద్దక్క.

"నీకు కనిపిస్తుంది," అంది నర్సు.

పెద్దక్కకు ఆ జవాబు నచ్చలేదు. అయినా రాసింది. మొదటి రోజు ఎనభై ఎనిమిది.

ఇక ఆ భవనంలో మెట్ల సంగతి. లిఫ్టు ఉన్నా పెద్దక్క అందులో అడుగు పెట్టడం మానేసింది. పొద్దున ఆరింటికి నాలుగు అంతస్తులు దిగడం, వీధి చివరి పెట్రోలు బంకు దాకా నడవడం, తిరిగొచ్చి ఎక్కడం. మొదటి అంతస్తు గుమ్మం ముందుకొచ్చేసరికి చెప్పులు కావాలని ఈడ్చేది. లోపలున్న చిన్నకోడలి నిద్ర పాడవ్వాలని. మొదటి వారం ఆ గుమ్మం దగ్గరే గోడ పట్టుకుని ఆయాసపడాల్సి వచ్చేది. లోపలున్న మనిషి వింటుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చుకునేదట. "ఛాతీ పగిలిపోతుందనిపించేది. పగిలినా రెండో అంతస్తులో పగలాలి, ఇక్కడ కాదు అనుకునేదాన్ని," అని నాతో చెప్పింది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. మాట పొదుపు లేని మనిషి. ఇంట్లో బిస్కట్లూ తియ్యటి సీసాలూ మాయమయ్యేసరికి లబోదిబోమన్నాడు. "నవ్వింది మా తమ్ముడి పెళ్ళాం. ఏడ్చింది నువ్వు. ఉపవాసం నాకా?" అన్నాడు. టీలో చక్కెర కోసం పక్కింటికి వెళ్ళేవాడు. ఆమెకు తెలుసు. తెలియనట్టు ఊరుకునేది, యుద్ధం ఆయన మీద కాదు కాబట్టి.

మొదటి నెల గడిచాక బరువు చూసుకుంటే ఎనభై ఎనిమిది. ఒక కిలో పెరిగింది. పెద్దక్క తిన్నగా నర్సు దగ్గరకు వెళ్ళి నిలదీసింది.

"కొత్తగా పని చెబితే కండలు వాచి నీళ్ళు పట్టుకుంటాయి. కొన్నాళ్ళే. నిద్ర ఎలా ఉంది?"

"పడుకుంటే తెల్లారుతోంది."

"ఇంతకు ముందు?"

పెద్దక్క ఆలోచించింది. ఇంతకు ముందు మూడు సార్లు లేచేది. ఆ సంగతి ఆమె గమనించనే లేదు. ఇప్పుడు గమనించినా సంతోషపడలేదు. నిద్ర చూసి చిన్నకోడలు మొహం మాడదు కదా.

మూడో నెలకు ఎనభై నాలుగు. నాడి డెబ్బై ఎనిమిది. రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కగలుగుతోంది. నర్సు ఒకసారి చక్కెర చూసే యంత్రంతో ఆమెకు ఒక సంగతి చూపించింది. ఒక రోజు తిని కూర్చోబెట్టి గంటన్నర తర్వాత వేలు పొడిచింది. ఇంకో రోజు అదే తిండి తినిపించి, నడిపించి పొడిచింది. రెండో రోజు అంకె ముప్పై దాకా తక్కువ. పెద్దక్క ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. తన ఒళ్ళు తను చెప్పిన మాట వినడం బహుశా అదే మొదటిసారి చూసిందేమో, ఆ రోజు మైలబట్టల గదిలో ఏదో పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను.

తర్వాత ఎనభై ఒకటి దగ్గర బండి ఆగిపోయింది. ఏడు వారాలు. ఎంత నడిచినా, ఎంత కొలిచి తిన్నా, ముల్లు కదల్లేదు. పంతం పట్టి నడక రెట్టింపు చేసింది. దాంతో మడమలో నొప్పి పట్టుకుంది. పొద్దున మంచం దిగి కాలు నేల మీద పెడితే మేకు దిగినట్టుండేదట. నర్సు మూడు వారాలు నడక మాన్పించి, కూర్చుని చేసే కసరత్తులు, నీళ్ళ సీసాలు ఎత్తడం నేర్పింది. 

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్నకోడలి కూతురి పుట్టినరోజు. బంధువులంతా చేరారు. చిన్నకోడలు కేకు ముక్క పళ్ళెంలో పెట్టి తెచ్చి, అందరూ వినేలా అంది: "తిను అక్కా. నడిచి నడిచి కుంటిదానివయ్యావు, ఏం మిగిలింది? నన్ను చూడు, ఏమీ మానలేదు, అడుగు తీసి అడుగు వేయలేదు, నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. ఒంటి తీరును బట్టి ఉంటుంది."

పుండు మీద కారం చల్లడమంటే అదే. పెద్దక్క కేకు తిన్నది, మొత్తం. నవ్వుతూ తిన్నది. పళ్ళెం తిరిగిస్తూ, "బావుంది చెల్లీ," అంది. చిన్నకోడలు అప్పటికే మూడో గ్లాసు నీళ్ళు తాగుతోందని, పెదాలు ఎండిపోయి పొట్టు లేచి ఉన్నాయని పెద్దక్క తర్వాత నాతో చెప్పింది. ఆ పూట చూసింది కానీ, దానికి అర్థం ఉంటుందని తోచలేదు.

ఆ ఏడు వారాల్లో బరువు కదలకపోయినా యూనిఫారం కోటు బొత్తాలు సులువుగా పడటం మొదలైంది. నడుం చుట్టూ పట్టీ పెట్టి చూస్తే తొమ్మిది సెంటీమీటర్లు తగ్గింది. "కొవ్వు పోయి కండ వచ్చింది. ముల్లుకి ఆ తేడా తెలియదు," అంది నర్సు. అప్పటి నుంచి పెద్దక్క ముల్లును పూర్తిగా నమ్మడం మానేసింది. మూటలు ఎత్తే తీరు కూడా మారింది. నడుంతో కాకుండా తొడలతో ఎత్తేది. ఇద్దరు పట్టే ఆసుపత్రి మూటను ఒక్కతే భుజం మీద వేసుకుని బండిలోకి విసిరేది. విసిరేటప్పుడు పెదాలు కదిలేవి. ఎవరి పేరు అనేదో నాకు తెలుసు.

పరీక్షలకు నెల ముందు ఆమెకు ఒక సంగతి దొరికింది. కిందటేడు అందరి అంకెలూ నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ కాగితం ఇంకా పీకలేదు. అందులో చిన్నకోడలి పేరెదురుగా రక్తపోటు నూట ఇరవై, ఎనభై. చక్కెర సరిగ్గా వంద. పెద్దక్క నన్ను తీసుకెళ్ళి చూపించింది.

"ఇది ఆ రోజు కుర్చీలోంచి లేచిందా? నువ్వు చూశావా?"

నేను గుర్తు చేసుకున్నాను. లేవలేదు. చివరిదాకా రాస్తూనే ఉంది.

"తన అంకెలు తనే రాసుకుంది. నన్ను అరవై మంది ముందు ఎక్కించి, తను ఎక్కలేదు." ఆమె కళ్ళలో అప్పుడు కనబడిన సంతోషం మంచి సంతోషం కాదు. "దొంగ లెక్క రాసిందని అందరి ముందూ తేలాలి. అదీ నాకు కావలసింది."

మేనేజరు గారి దగ్గరకు వెళ్ళి, బీమా వాళ్ళు అడిగితే మాట పడేది మీరేనని, ఈసారి రాసేవాళ్ళతో సహా అందరూ పరీక్ష చేయించుకోవాలని నెమ్మదిగా చెప్పింది. బీమా పేరు వినగానే ఆయన కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

ఆ రోజు వచ్చింది. అదే గది, అదే యంత్రం, అదే కుర్చీలో చిన్నకోడలు. ఇంకా సన్నబడింది, కళ్ళ కింద నలుపు. పెద్దక్క యంత్రం ఎక్కింది. చిన్నకోడలు అంకె చూసి తల దించుకుని రాయబోయింది.

"పైకి చదువు చెల్లీ," అంది పెద్దక్క. "కిందటేడు చదివావు కదా."

వరసలో వాళ్ళు మెడలు సాచారు.

"డెబ్బై ఐదు," అంది చిన్నకోడలు, గొంతు తగ్గించి.

"వినపడలేదు వెనక వాళ్ళకి."

"డెబ్బై ఐదు."

రక్తపోటు నూట ఇరవై ఆరు, ఎనభై. చక్కెర హద్దు లోపల. నాడి అరవై ఎనిమిది. డాక్టరు అద్దాలు సర్దుకుని కిందటేటి కాగితం, ఈ కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. పెద్దక్క యంత్రం దిగి, పక్కకు జరిగి, చేత్తో చోటు చూపించింది.

"ఇప్పుడు నువ్వు రా."

చిన్నకోడలు నవ్వబోయింది. మేనేజరు గారి కాగితం గోడకు ఉంది. లేచింది. బరువు యాభై ఒకటి. వెనక ఎవరో మెచ్చుకున్నారు. పట్టీ చుట్టారు. ఆ అమ్మాయి ఒకసారి చూసి, మళ్ళీ గాలి కొట్టింది. నూట డెబ్బై ఎనిమిది, నూట పది. వేలు పొడిచారు. మూడు వందల ఇరవై. డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

పెద్దక్క ఆ క్షణంలో నవ్వింది. బయటికి వినపడేలా, ఒకే ఒక్కసారి. ఏడాది పాటు మెట్ల మీద దాచుకున్న నవ్వు అది. ఆమెతో పాటు ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. డాక్టరు అప్పటికే మేనేజరు గారితో కారు తెప్పించమంటున్నాడు.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఏమీ చేయకుండానే తగ్గిన ఆ ఐదు కిలోలూ చక్కెర జబ్బు కరిగించినవని తేలింది. ఇంకొన్నాళ్ళు చూడకుండా ఉంటే మూత్రపిండాలో, కళ్ళో, ఏదో ఒకటి పోయేదన్నారు. ఐదో రోజు మరిది నాలుగో అంతస్తుకు వచ్చి, సోఫా అంచున కూర్చుని, పెద్దక్క చేతులు పట్టుకున్నాడు.

"వదినా, నువ్వు పట్టుబట్టి పరీక్ష చేయించకపోతే నా పెళ్ళాం నాకు దక్కేది కాదు. నీ రుణం తీర్చుకోలేను."

పెద్దక్క చేతులు వెనక్కి లాక్కుంది. "నేను దానికోసం చేయలేదు," అంది.

"నువ్వెప్పుడూ అంతే వదినా, చేసింది చెప్పుకోవు," అన్నాడు ఆ అమాయకుడు.

మర్నాడు నాతో చెబుతూ ఆమె మండిపడింది. "ఏడాది కష్టపడి పగ తీర్చుకుంటే తీసుకెళ్ళి పుణ్యం ఖాతాలో వేశాడు. వీధంతా నన్ను మెచ్చుకుంటోంది. దాని దొంగ రాత గురించి ఒక్కడు మాట్లాడడే."

నిజమే, ఎవరూ మాట్లాడలేదు. జబ్బు మనిషిని ఎవరు అడుగుతారు. పెద్దక్క తన చోటు మాత్రం అడిగింది. ఆ తర్వాతి వారం మేనేజరు గారి ముందు తన రెండేళ్ళ కాగితాలూ పరిచి, తన రోలరు తనకు కావాలంది. ఇచ్చారు. చిన్నకోడలి చెల్లెలు మైలబట్టల గదికి దిగింది. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదని నేనన్నాను. "నేనూ ఏ తప్పూ చేయలేదు," అంది పెద్దక్క, దుప్పటి కొసలు నా చేతిలో పెడుతూ. కొన్ని విషయాల్లో ఆమెతో వాదించలేం.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున ఆరింటికి పెద్దక్క మెట్లు దిగుతుంటే మొదటి అంతస్తు తలుపు తెరుచుకుంది. కొత్త బూట్లతో చిన్నకోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"అక్కా, డాక్టరు నన్ను నడవమన్నాడు. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది. నీతో రానా?"

పెద్దక్క ఆ బూట్ల వైపు చూసిందట. 

"ఆ రోజు నవ్వినందుకు..." అంటూ చిన్నకోడలు మొదలుపెట్టింది.

"ఆ మాట ఎత్తకు," అంది పెద్దక్క. "ఎత్తితే నేను సరే అనాలి. నేను అనను. వీధి ఎవరి సొత్తూ కాదు, వస్తే రా. నా పక్కన మాత్రం నడవకు."

అలా మొదలైంది. ఇప్పటికి ఏడాదిన్నర. పెద్దక్క బరువు చలికాలంలో రెండు కిలోలు పెరిగి ఎండాకాలంలో తగ్గింది. ఆవిర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. అవి నడిచినా పోవని తెలుసుకుని, ఒక తడి రుమాలు జేబులో పెట్టుకుంటుంది. రక్తపోటు మాత్ర సగానికి తగ్గించారు. క్షమించావా అని నేను ఒకసారి అడిగితే, "ఆ కోపమే లేకపోతే రేపు పొద్దున నన్ను మంచం మీంచి ఎవరు లేపుతారు?" అంది. నవ్వుతూ అనలేదు.

మొన్న సెలవు రోజు వాళ్ళింటి వైపు వెళ్తే వాళ్ళిద్దర్నీ చూశాను. పెద్దక్క ముందు, పాతిక అడుగుల వెనక చిన్నకోడలు. "అక్కా, కొంచెం మెల్లిగా," అని వెనక నుంచి వినపడింది. పెద్దక్క వినిపించుకోలేదు సరికదా, ఇంకా పెంచింది. కానీ వీధి మలుపు తిరిగాక, తను కనబడదనుకుని గోడ పక్కన ఆగింది. అవతలి బూట్ల చప్పుడు మలుపు దాకా వచ్చేవరకూ నిలబడి, వచ్చిందని తెలిశాక, వెనక్కి చూడకుండా మళ్ళీ నడక అందుకుంది.